ఒక్క సందూ వదలొద్దు: కోడిపిల్లల పెట్టెకు వేడి పెట్టే విధానం

హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం దాకా వస్తే కుడిఎడమలా వెంచర్లు, ప్రహరీలు, గేట్లు. గేటు లోపల ఫామ్‌హౌస్. ఫామ్‌హౌస్ అన్నాక నాలుగు మామిడి మొక్కలు, ఒక ఊయల, ఓ వంద నాటుకోళ్లు ఉండి తీరాలి. లేకపోతే ఆదివారం పూట వచ్చిన తోడల్లుడి ముందు తలెత్తుకోలేం.

కోళ్లు వేయడానికి అసలైన ముహూర్తం జనవరి. ఆషాఢంలో బోనాలు వస్తాయి. నాటుకోడి కోతకు రావాలంటే ఐదారు నెలలు పడుతుంది. వెనక్కి లెక్కేసుకుంటే పిల్లల్ని దింపాల్సింది సరిగ్గా చలికాలంలోనే. జనవరి రాత్రి ఈ చుట్టుపక్కల పది డిగ్రీల దాకా దిగుతుంది. నిన్న గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన పిల్లకు మొదటి వారం కావలసింది 35 డిగ్రీలు, పాత లెక్కలో 95 ఫారన్‌హీట్. మధ్యలో ఉన్న పాతిక డిగ్రీలను మనం పూడ్చాలి. అందుకు మీ దగ్గర కరెంటుంది, ఇంటి పనిలో మిగిలిన ప్లైవుడ్ ఉంది, అన్నీ తెలిసిన బావమరిది ఉన్నాడు. ఇంకేం కావాలి?

ఇదే జిల్లాలోని రాజేంద్రనగర్‌లో కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. వనరాజా, గ్రామప్రియ అనే పెరటికోళ్ల రకాలను తీర్చిదిద్దింది వాళ్లే. వెళ్లి అడిగితే ఓపిగ్గా చెబుతారు. కానీ వాళ్లు చెబితే మనకు తెలిసిందంతా వృథా అయిపోతుంది కదా! కాబట్టి అటు వెళ్లకండి. కింది సలహాలు చాలు. అన్నిటికీ మూలసూత్రం ఒక్కటే: ఎక్కడా సందు వదలొద్దు.

1. పెట్టెకు నాలుగు మూలలూ నిక్కచ్చిగా ఉండాలి

కోళ్లఫారాల వాళ్లు చిక్ గార్డు అని ఒకటి పెడతారు. అడుగున్నర ఎత్తున్న రేకునో అట్టనో గుండ్రంగా నిలబెట్టి, మధ్యలో ఊక పోసి, పైన బల్బు వేలాడదీస్తారు. ఎందుకు గుండ్రంగా అంటే, చలేసినా బెదిరినా పిల్లలన్నీ మూలకు పరిగెడతాయట, ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయట, అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయట. మూలే లేకపోతే కుప్ప పడవట.

మీరు ఇవన్నీ పట్టించుకోకండి. మూలలు లేని ఇల్లు వాస్తుకు నిలవదు. నలుచదరపు పెట్టె చేయించి, బల్బును ఆగ్నేయ మూలనే బిగించండి. అది అగ్నిదేవుడి స్థానం. రేపు ఏదైనా జరిగినా శాస్త్రోక్తంగానే జరుగుతుంది.

కొలతల విషయానికొస్తే, మొదటి వారాల్లో పిల్లకు అర చదరపుటడుగు చోటు కావాలంటారు. ఆ లెక్కన వంద పిల్లలకు యాభై చదరపుటడుగులు. మీ దగ్గరున్న ప్లైవుడ్‌తో వచ్చేది పన్నెండు. పన్నెండే చేయించండి. ఒకదానికొకటి ఆనుకుని ఉంటే వెచ్చగా ఉంటాయి.

2. గాలి చిల్లులు కనబడితే మూసేయండి

హ్యాచరీ నుంచి పిల్లలు వచ్చే అట్టపెట్టెను ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? లోపల నాలుగు అరలు, అరకు పాతిక చొప్పున వంద పిల్లలు. పక్కలకూ మూతకూ వరసగా చిల్లులు. కొన్ని గంటల ప్రయాణానికే అన్ని చిల్లులు పెట్టారంటే అట్టను ఆదా చేయడానికే అయ్యుంటుంది. మీ పెట్టె వారాల తరబడి ఉండేది, దానికి ఒక్కటి కూడా అక్కర్లేదు. పైన పాలిథిన్ కప్పి, చుట్టూ గోనెసంచులు కట్టి, సందుల్లో గుడ్డపేలికలు కుక్కండి.

నాలుగో రోజుకి మూత ఎత్తగానే కళ్లు మండుతాయి. తడిసిన ఊకలోంచి వచ్చే అమ్మోనియా అది. మీకు నిలబడ్డ ఎత్తులోనే కళ్లు మండితే, దాన్ని పుట్టించే ఊక మీదే ముక్కు పెట్టుకు తిరిగే పిల్ల సంగతి వేరే చెప్పాలా? అయినా ఫరవాలేదు. మూత ఎత్తకుండా ఉంటే మీకే ఇబ్బందీ లేదు.

3. బల్బు కొనేటప్పుడు కరెంటు బిల్లు మాత్రమే చూడండి

పాతకాలం వాళ్లు పిల్లకు రెండు వాట్ల చొప్పున లెక్కేసి, వందకు రెండు వంద వాట్ల బల్బులు పెట్టేవాళ్లు. తీగ బల్బు లాగే కరెంటులో తొంభై శాతానికి పైగా వేడిగానే పోతుంది. వెలుతురు కోసం చూస్తే దండగమారి వస్తువు. అందుకే 2015లో ఉజాలా పథకం వచ్చాక దేశమంతా ఎల్‌ఈడీకి మారింది. మీరూ మారండి. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ పెట్టండి. పెట్టె లోపల పట్టపగల్లా ఉంటుంది. ఆ వెలుగులో పిల్లలు చలికి వణకడం స్పష్టంగా కనిపిస్తుంది.

వణుకు చూడలేకపోతే రెండో కొసకు వెళ్లండి. 250 వాట్ల ఎర్ర ఇన్‌ఫ్రారెడ్ బల్బు ఒకటి తెచ్చి, ఇంట్లో ఉన్న మామూలు ప్లాస్టిక్ హోల్డర్‌లో పెట్టండి. దానికి పింగాణీ హోల్డరే వాడాలని కొట్టువాడు అంటాడు. ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి బల్బు జారి ఊకలో పడుతుందని అతని భయం. పడితే పడనీయండి, వేడి కింద నుంచి కూడా అందుతుంది.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: బల్బు ఒకటే ఉండాలి. రెండుంటే ఒకటి మాడిపోయినా రెండోది తెల్లారేదాకా కాపాడుతుంది. అప్పుడు మీకు అర్ధరాత్రి లేచే అలవాటు ఎలా వస్తుంది?

4. వేలాడదీయడానికి గొలుసు దండగ

గొలుసు కడితే పిల్లలు పెరిగేకొద్దీ ఒక్కో కొక్కెం పైకి జరుపుకోవచ్చు. బరువు గొలుసు మీద పడుతుంది, వైరు మీద పడదు. మీరు వైరుతోనే వేలాడదీయండి. పురికొసతో ఒక ముడి వేస్తే ఇంకా మంచిది, వేడికి అది కాలి తెగేదాకా గట్టిగానే ఉంటుంది.

ఎత్తు అడుగున్నర నుంచి రెండడుగులు అంటారు. మీరు జానెడు పెట్టండి. వెలుగుతున్న బల్బు గాజు నూరు డిగ్రీలు దాటి కాలుతుంది. ఎండిన ఊక దానికి తగిలినా భగ్గున మండదు. అదే దాని మంచితనం. లోలోపల రాజుకుంటుంది, పొద్దుపోయాక సన్నటి పొగ, అందరూ పడుకున్నాక మంట. అతిథుల ముందు పరువు పోదు. నీళ్ల గిన్నెను సరిగ్గా బల్బు కిందే పెట్టండి. పిల్లలు ఎగిరి చిలకరించే చుక్కలకు కాలిన గాజు ఠప్పున పగులుతుంది. ఆ చప్పుడే మీకు అలారం.

5. వైరింగ్ దగ్గర పొదుపు నేర్చుకోండి

వైర్‌మన్ వస్తాడు. పెట్టె చుట్టూ తిరిగి చూస్తాడు. తల గోక్కుంటాడు.

"సార్, గీ జాయింటు ఊకల వెట్టొద్దు. కొత్త వైరు తెప్పియుండ్రి, జాయింటు లేకుంట పైపుల గుంజుత."

"ఎన్ని మీటర్లు పడుతుంది?"

"పదిహేను పడ్తది సార్. ఎర్తు వైరు గూడ గావాలె."

"పాత కూలర్ వైరుంది కదా తమ్ముడూ, అదే అతికించు. కోడిపిల్లలకు ఎర్తు ఎందుకయ్యా?"

"ఎలుకలు కొరుకుతయ్ సార్ ఊకల."

"కొరికితే వాటికే షాక్ కొడుతుందిలే."

"మీ ఇష్టం సార్."

ఈ చివరి మాట వినబడిందంటే పని మీరనుకున్న దారిలో నడుస్తున్నట్టే. వదులుగా మెలేసి నల్లటేపు చుట్టిన జాయింటు దగ్గర వేడి పుడుతుంది గాని, అది అదనంగా కరెంటు లాగదు. అందుకే ఎంసీబీకి దాని ఊసే తెలీదు, పడదు. లీకైన కరెంటు పసిగట్టి కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అని ఒకటి అమ్ముతారు. అది ఎలుక కొరికిన వైరుకు, తడిచేత్తో హోల్డర్ పట్టుకున్న మనిషికి పనికొస్తుంది. ఈ రెండూ మీ ఇంట్లో జరగవు కదా.

పాత ఇళ్లలో ఇంకా ఫ్యూజులే ఉంటే మరీ మంచిది. ఫ్యూజు తీగ మాటిమాటికీ పోతోందా? నాలుగు రాగి పోగులు మెలేసి కట్టండి. ఇక ఫ్యూజు పోనే పోదు. పోయేది వేరే ఏదైనా అవుతుంది.

6. డాలస్ నుంచి వచ్చిన హీట్ టేపు

అమెరికాలో ఉన్న మేనల్లుడు సంక్రాంతికి వస్తూ ఏదో ఒకటి తెస్తాడు. ఈసారి పెర్ఫ్యూమ్ వద్దని చెప్పి హీట్ టేపు తెప్పించండి. అక్కడ పాములూ బల్లులూ పెంచుకునేవాళ్లు తమ చెక్కపెట్టెల్లో వాడేది ఇదే. పలచని ప్లాస్టిక్ పట్టీ, మధ్యలో నల్లటి గీతలు, రెండంచులా రాగి రేకులు. కరెంటిస్తే పట్టీ మొత్తం వెచ్చబడుతుంది. బల్బు లేదు, వెలుగు లేదు, పగిలేది లేదు.

వాళ్లు దాన్ని నానా తిప్పలు పడి అమరుస్తారు. పెట్టె అడుగులో మూడో వంతుకే వేస్తారు. గీత గీసి ఉన్న చోటే కత్తిరిస్తారు, తెగిన కొసను ఇన్సులేషన్‌తో మూస్తారు. మడత పడనివ్వరు, ఒకదానిమీద ఒకటి రానివ్వరు, మేకు దిగనివ్వరు. వేడి నిలిచిపోకుండా గాలి ఆడే సందు ఉంచుతారు. థర్మోస్టాట్ లేకుండా ప్లగ్గే పెట్టరు, ఎందుకంటే వేడి నేల మీద పడుకున్న పాము ఒళ్లు కమిలిపోతున్నా లేవదు. మిగతా రెండు వంతుల పెట్టెనూ చల్లగా వదిలేస్తారు, ఒళ్లు వేడెక్కిన జీవి అటు జరగడానికి.

మన దగ్గర అంత తీరిక లేదు. టేపు పొడుగైతే మడిచి పరవండి. నాలుగు మేకులు కొట్టండి. పైన మూడంగుళాల ఊక పోయండి. కింద చెక్క, పైన ఊక, రెండూ వేడిని బయటికి పోనివ్వవు గనక టేపు తన వేడిలో తానే ఉడుకుతుంది. కోడి తన పిల్లల్ని రెక్కల కింద పైనుంచే కాస్తుంది గాని కింద నుంచి కాయదే అనే ప్రశ్న వేసేవాళ్లుంటారు. కోడికి అమెరికా మేనల్లుడు లేడని చెప్పండి.

ఇక ప్లగ్గు. మేనల్లుడి ఊళ్లో కరెంటు 120 వోల్టులు, మన ఇబ్రహీంపట్నంలో 230. వోల్టేజి రెట్టింపు కంటే కాస్త తక్కువే పెరిగింది కాబట్టి వేడి కూడా అంతే పెరుగుతుందని బావమరిది అంటాడు. కాదు, వోల్టేజి వర్గం లెక్కన పెరుగుతుంది. అంటే మూడున్నర రెట్లకు పైనే. అడుగుకు పది వాట్లు ఇవ్వాల్సిన టేపు దాదాపు ముప్ఫై ఏడు వాట్లు ఇస్తుంది. డబ్బు ఒకటికి పెట్టి, సరుకు మూడున్నర తీసుకున్నట్టే కదా! అడాప్టర్ పిన్ను తగిలించి స్విచ్చేయండి.

7. థర్మామీటర్ మీ కళ్ల ఎత్తులో ఉండాలి

కొందరు దాన్ని ఊక మీద, పిల్ల వీపు ఎత్తులో పెడతారు. వంగి చూడాలంటే నడుం నొప్పి. గోడకు తగిలించండి. గుడ్లు పొదిగే పెట్టెలకు వాడే డిజిటల్ థర్మోస్టాట్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. కొన్నా సరే, దాని సెన్సార్‌ను పెట్టె బయట వేలాడదీయండి. బయట చలి ఎప్పటికీ 35కి చేరదు గనక అది కరెంటును ఎప్పటికీ ఆపదు. నిరంతర సరఫరా!

ఫామ్‌హౌస్ చూసుకునే వాచ్‌మన్ వాళ్లావిడ ఒకర్తి ఉంటుంది. థర్మామీటర్ చదవడం రాదు. పొద్దున్నే పెట్టెలోకి తొంగిచూసి చెప్పేస్తుంది.

"సార్, పిల్లలు బుగ్గకు దూరం వోయి నోర్లు తెర్సుకొని నిలవడ్డయ్. బుగ్గ జర మీదికి గట్టుండ్రి."

మర్నాడు: "అన్ని బుగ్గ కిందనే కుప్ప వడ్డయ్ సార్. సలి వెడ్తున్నది వాటికి."

ఇంకో రోజు: "ఒక్క దిక్కే ఒదిగినయ్. ఆ కిటికిల కెల్లి గాలి గొడ్తుంది."

అంతటా చెదిరిపోయి, కొన్ని మేస్తూ, కొన్ని నీళ్లు తాగుతూ, కొన్ని కాళ్లు చాపి పడుకుని ఉంటే మాత్రం ఏమీ అనకుండా వెళ్లిపోతుంది. పుస్తకాల్లో బొమ్మలు గీసి చూపించేది కూడా అచ్చం ఇదే. కానీ ఆమెకు డిగ్రీ లేదు, మీకుంది. కాబట్టి వినకండి.

8. మొదటి రోజు వేడే చివరి రోజు దాకా

వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలనేది పద్ధతి: 35, 32, 29, 26. పిల్లకు ఈకలు వచ్చేకొద్దీ తన వేడి తనే కాచుకుంటుంది గనక. నాలుగో వారానికి మధ్యాహ్నం పూట మన ఎండే సరిపోతుంది, బల్బు రాత్రికి చాలు. అయితే ప్రేమ అనేది తగ్గించి ఇచ్చేది కాదు. ఈకలు నిండిన పిల్లకు కూడా 35 డిగ్రీలే ఇవ్వండి. దప్పికతో నీళ్లు తాగుతూ, మేత మానేసి, పక్కదాని ఈకలు పీకుతూ కాలక్షేపం చేస్తుంది.

9. కరెంటు పోతే బొగ్గుల కుంపటి

గాలివానకు లైన్ తెగితే గంటా రెండు గంటలు పట్టవచ్చు. తెలివి తక్కువవాళ్లు వేడినీళ్లు సీసాల్లో పోసి, గుడ్డ చుట్టి, పిల్లల మధ్య పెడతారు. ఖర్చు లేదు, పొగ లేదు, కాబట్టి థ్రిల్లూ లేదు. మీరు కుంపటి ఎర్రగా రాజేసి షెడ్డులో పెట్టి తలుపులు బిగించండి. రెండో సలహాలో సందులన్నీ మూసే ఉన్నారు కదా. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మంచి అతిథి లక్షణం. పిల్లలకు తోడుగా ఆ షెడ్డులోనే ఎవరైనా పడుకుంటామంటే మాత్రం సరదాలు కట్టిపెట్టండి. ఒక్క రాత్రిలో మనిషి లేవకుండా పోయిన ఇళ్లు చలికాలం వార్తల్లో ఏటా కనిపిస్తూనే ఉంటాయి.

10. కోళ్లు ఎదిగాక ఖాళీ పెట్టె ఎందుకు వదలాలి?

ఇంట్లో తాబేలుంటే లక్ష్మి నిలుస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. పెట్టె ఉంది, హీట్ టేపు ఉంది, నక్షత్ర తాబేలు ఒకటి తెచ్చి పెట్టేయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. లక్ష్మి సంగతేమో గాని అటవీశాఖ వాళ్లు తప్పక ఇంటికి వస్తారు.

తాబేలు దొరక్కపోయినా బాధ పడొద్దు. ఊకలో ఎలుకలు చేరిన పెట్టెకు జెర్రిపోతో నాగుపామో పిలవకుండానే వస్తుంది. వచ్చినప్పుడు కర్ర తీసుకోండి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు పాముల్ని పట్టి అడవిలో వదులుతారు గాని, ఫోన్ చేస్తే మీ వీరత్వం చూపించే అవకాశం పోతుంది.

సలహాలు నచ్చనివారికి

ఇంత చెప్పినా వినక, పిల్లల్ని బతికించుకోవాలనే పట్టుదల ఉంటే చేయాల్సిన పని చాలా కొంచెం. పెట్టెకు మూలలు లేకుండా అట్టతో గుండ్రంగా చుట్టుకోండి. వేడి ఒక పక్కనే పెట్టండి, రెండో పక్క చల్లగా వదలండి. ఒక పెద్ద బల్బు కన్నా రెండు చిన్నవి మేలు. పింగాణీ హోల్డర్, గొలుసు, చుట్టూ జాలీ, అడుగున్నర తగ్గని ఎత్తు. వైరు పైనుంచి, పైపులో, పెట్టెలో జాయింటన్నది లేకుండా రావాలి. ఎర్తు, ఆర్‌సీసీబీ తప్పనిసరి. థర్మోస్టాట్ సెన్సార్ పిల్ల వీపు ఎత్తులో, ఊక మీద. హీట్ టేపు వాడి తీరాలంటే 230 వోల్టులదే కొనాలి, థర్మోస్టాట్ లేకుండా దానికి కరెంటివ్వకూడదు. పొగ కనబడితే ముందు మెయిన్ ఆపాలి, తర్వాత 101కి ఫోన్. కరెంటున్న వైరు మీద నీళ్లు చల్లకూడదు.

పిల్లకు వేడి నుంచి పక్కకు జరిగే చోటు, కరెంటు తప్పితే నేలలోకి పోయే దారి, చెడ్డ గాలి బయటికి పోయే సందు. ఈ మూడూ ఉంటే మిగిలిపోయిన ప్లైవుడ్ పెట్టె చాలు. ఏ ఒక్కటి లేకపోయినా టేకు పెట్టె కూడా దండగే. ఈ రాత్రి పడుకునే ముందు పొడిచేత్తో ప్లగ్గు పైభాగం ఒకసారి తాకి చూడండి. వేడిగా తగిలితే స్విచ్ ఆపేసి, ఆ రాత్రికి వేడినీళ్ల సీసాలతో గడుపుకోండి. తెల్లారాక వైర్‌మన్‌ను పిలిచి, అతనడిగిన పదిహేను మీటర్ల వైరూ బేరమాడకుండా కొనివ్వండి.